పదిహేడుకీ పద్దెనిమిదికీ మధ్య

ఆ వేసవిలో మా వాకిట్లోకి యాభై ఎనిమిది బెంచీలు మరమ్మతుకి వచ్చాయి. నలభై అద్దాల బడివి, పద్దెనిమిది రేకుల బడివి. బడుల అసలు పేర్లు వేరే ఉన్నాయి గానీ వాటిని బోర్డు రాసినవాళ్ళు తప్ప ఎవరూ వాడేవారు కాదు.

మా నాన్న వడ్రంగి. ఇంటి ముందు షెడ్డులో పని. షెడ్డుకి ఎదురుగా వసారాలో అమ్మ కుట్టు మిషను. అమ్మ అద్దాల బడికి యూనిఫారాలు కుట్టేది. ఇంట్లో రెండు టేపులు ఉండేవి: నాన్నది ఇనుపది, అమ్మది గుడ్డది. ఒకరి టేపు ఒకరు ముట్టుకుంటే ఆ పూట ఇంట్లో మాటలుండేవి కావు. షెడ్డుకీ వసారాకీ మధ్య, గాలి తగిలేచోట మంచం వేసుకుని మా నాయనమ్మ కూర్చునేది. ఇద్దరి పనిలోనూ తప్పులు వెతకడం ఆవిడ పని.

నాకప్పుడు పదేళ్ళు. చిన్నబడి అయిపోయింది, ఆరో తరగతికి పెద్దబడిలో చేరాలి. ఏ బడి అన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టనేలేదు. అక్క అప్పటికే ఏడాదిగా అద్దాల బడిలో ఉంది. చేరే పరీక్షలో ఫస్టు, ఆ తర్వాత ప్రతి నెలా ఫస్టు. అమ్మ యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ప్రిన్సిపాల్ గారిని బతిమాలి నాకూ సీటు ఖాయం చేయించింది. నా గౌను గుడ్డ కత్తిరించి, సగం కుట్టి, మిషను పక్కన కొక్కేనికి తగిలించింది. అటూ ఇటూ తిరిగినప్పుడల్లా అది నా మొహానికి తగిలేది.

"చిన్నదాన్నీ అక్కడే వేస్తున్నారా?" అని ఎవరైనా అడిగితే, "మరి? దాని అక్కని చూడండి, ఎంత బుద్ధిమంతురాలైందో" అనేది అమ్మ.

అది నిజమే. అక్క ఆ ఏడాదిలో చాలా బుద్ధిమంతురాలైంది. అంతకుముందు నోరు మూతపడేది కాదు. నాయనమ్మ దానికి రేడియో అని పేరు పెట్టింది. అద్దాల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ పేరు వాడే అవసరం రాలేదు. అడిగినదానికి జవాబు, పెట్టింది తినడం, పుస్తకం. మేమందరం దాన్ని చదువనుకున్నాం.

నాన్నకి బడుల గురించి అభిప్రాయం ఉండేది కాదు. ఆయనకి బెంచీల గురించి ఉండేది.

అద్దాల బడి బెంచీలు దించిన రోజు అమ్మ మిషను ఆపి వచ్చి, ఒకదాని మీద అరచేయి ఆనించి చూసింది.

"ఒక్క గీత ఉందేమో చూడండి. అంతమంది పిల్లలు ఏడాదంతా కూర్చున్న బల్ల! క్రమశిక్షణ అంటే ఇదీ."

"కాళ్ళు ఊగుతున్నాయి" అన్నాడు నాన్న.

"కాళ్ళదేముంది, మీరున్నారుగా బిగించడానికి."

మర్నాడు రేకుల బడివి వచ్చాయి. వాటి మీద గీతలు లేని చోటు వెతుక్కోవాలి. పేర్లు, పువ్వులు, సిరా మరకలు, ఎవరిదో మీసాలున్న బొమ్మ, దాని కింద 'సైన్సు సారు' అని. ఒక బెంచీకి ఒకవైపు పీట జానెడు కిందకి దించి ఉంది. ఎవరికోసమో తెలియదు, పని మాత్రం శుభ్రంగా చేశారు.

"ఇదేం బడే, చేపల మార్కెట్టా?" అంది నాయనమ్మ, మీసాల బొమ్మని మాత్రం దగ్గరికి వంగి చూస్తూ.

నాన్న చూసింది ఇంకోటి. ప్రతి రాసే బల్ల ముందంచు మీదా, కూర్చునే ముగ్గురికీ మూడు చోట్ల, సన్నటి ఉలితో కొలబద్ద గీతలు చెక్కి ఉన్నాయి. సున్నా నుంచి ముప్పై సెంటీమీటర్ల దాకా. స్కేలు కొనుక్కోలేని పిల్లలకోసం ఎవరో చేసిన ఏర్పాటు. నాన్నకి ముచ్చటేసింది. జేబులోంచి టేపు తీసి పక్కన పెట్టాడు. మొహం మారిపోయింది.

"పదిహేడుకీ పద్దెనిమిదికీ మధ్య ఇరుకుగా ఉంది. రెండు మిల్లీమీటర్లు తక్కువ."

రెండో బెంచీ చూశాడు. అక్కడా అంతే. పద్దెనిమిదింటిలోనూ, అన్ని కొలబద్దల్లోనూ, అదే చోట అదే తప్పు.

"ఒకే బద్ద పెట్టి గీసినట్టున్నారు. ఆ బద్దే తప్పు. పిల్లలకి తప్పుడు కొలత నేర్పిస్తారా ఎవరైనా?"

తప్పుడు కొలత పక్కన నిద్రపోగలిగే మనిషి కాదు మా నాన్న. ఎవరూ అడగలేదు. ఆ పనికి డబ్బులు మాట్లాడుకోనూ లేదు. అయినా ప్రతి అంచూ చిత్రిక పట్టి, పాత గీతలు పోయేదాకా నునుపు చేసి, ఇనుప టేపు పెట్టి మళ్ళీ చెక్కాడు. టేపు రెండో కొస పట్టుకోవడం నా పని. నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం నడుం పట్టుకుని లేచి, "ఇప్పుడు ఇది బడి" అన్నాడు.

రేకుల బడి హెడ్డు టీచరు మర్నాడు పొద్దున్నే సైకిలు మీద వచ్చింది. లెక్కలు కూడా ఆవిడే చెప్పేది. ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడ సెంటీమీటరమ్మ. పొట్టిగా ఉంటుంది, ఆ పేరుకి అదీ ఒక కారణం. బెంచీలు ఒక్కొక్కటీ కదిపి చూసి, "గట్టిగా ఉన్నాయండీ" అని సంతోషపడి, అలవాటుగా ఒక బల్ల అంచు మీద వేలు జరుపుకుంటూ వెళ్ళింది. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ జరిపింది.

"పదిహేడు దగ్గర..." అంది.

"సరిచేశానండీ" అన్నాడు నాన్న. దాచుకుందామన్నా గర్వం దాగలేదు. "అన్నీ తప్పున్నాయి. మీరు గమనించి ఉండరు."

ఆవిడ ఇంకో బెంచీ చూసింది. ఇంకోటి. తర్వాత నాయనమ్మ మంచం చివర కూలబడింది.

"అన్నీ చేసేశారా?"

"ఒక్కటి వదల్లేదు."

"అయ్యో" అని నవ్వడం మొదలుపెట్టింది. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆ తప్పు మాకు తెలుసండీ" అంది చివరికి. "ముందున్న మాస్టారు గీసినప్పుడు పొరపాటున పడింది. ఓ ఏడాది ఒక పిల్ల కనిపెట్టింది. ఒకే సుద్దముక్క ఇటు చివర పెడితే ఎనిమిది, మధ్యలో పెడితే ఎనిమిది దాటిపోతోంది టీచర్ అని పట్టుకొచ్చింది. అప్పట్నుంచీ కావాలనే ఉంచాం. ప్రతి ఏడాదీ కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు కనిపెడతారు. ఒకోసారి వారానికే, ఒకోసారి ఆరు నెలలకి. అప్పటిదాకా మేం చెప్పం, పెద్ద తరగతి పిల్లలూ చెప్పరు."

"కనిపెట్టాక?"

"మిగతావాళ్ళకి చూపించాలి. వాళ్ళు నమ్మరు. బల్ల తప్పెలా అవుతుందంటారు. పోట్లాడుకుంటారు, అన్నీ కొలిచి చూసుకుంటారు. మా దగ్గర లెక్కలు అప్పుడు మొదలవుతాయి."

నాన్న నాలుక కరుచుకున్నాడు. కుట్టు మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో గానీ ఆగింది.

"బాగుంది" అంది అమ్మ, సూదిలోంచి దారం తీస్తూ. "డబ్బు పోసి తప్పులు నేర్పించుకునే పని లేకుండా మీ బడిలో ఊరికే నేర్పుతారన్నమాట."

"ఊరికేనే నేర్పుతామమ్మా" అంది సెంటీమీటరమ్మ. ఆవిడకి అది తగిలినట్టు లేదు.

అప్పుడే అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆవిడ గ్లాసు అందుకుంటూ, "నువ్వే బడి?" అంది.

"అద్దాల బడి" అని అమ్మే చెప్పింది. "క్లాసు ఫస్టు."

"అలాగా! ఆ బడిలో నీకేం బాగుంటుంది తల్లీ?"

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్ళతోనే చెప్పమంది. అక్క గ్లాసు కోసం చేయి చాపి నిలబడింది. సెంటీమీటరమ్మ ఇంకోసారి అడగలేదు. నీళ్ళు తాగి గ్లాసిచ్చి, "థాంక్స్" అంది, పెద్దవాళ్ళకి చెప్పినట్టు.

వెళ్ళేముందు నాన్నని అడిగింది, ఆ తప్పు మళ్ళీ పెట్టగలరా అని.

"కావాలని తప్పు చెయ్యడం నా చేత కాదండీ" అన్నాడు నాన్న. నిజంగానే దిగాలుగా అన్నాడు.

ఆ వారం అద్దాల బడి బెంచీల మీద పడ్డాం. కాళ్ళు బిగించాలంటే బెంచీని బోర్లా వెయ్యాలి. వాటికి పైన నంబర్లు వేసి ఉన్నాయి. ఒకటో నంబరు బెంచీ తిరగేసి, నాన్న అలాగే ఉండిపోయాడు. తర్వాత గట్టిగా కేకేశాడు, "ఏమర్రా, ఇలా రండి! అమ్మా, నువ్వూ రా!"

రాసే బల్ల అడుగున, కుడివైపు చివర, చిన్న చిన్న గడులు వరసగా గీసి ఉన్నాయి. ఒక్కో గడికీ నాలుగు పక్కలు, మూల నుంచి మూలకి ఒక గీత. అది నాన్న లెక్క. అందరూ నాలుగు నిలువు గీతలు గీసి అడ్డంగా కొడతారు, నాన్న మాత్రం ఇలా గడి కట్టి ఐదు చేస్తాడు. పని నేర్పిన గురువు దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. మా షెడ్డు గోడంతా ఆ గడులే.

"మా గురువు చేతికింద పని చేసినవాడెవడో చేసిన బెంచీ ఇది" అన్నాడు. మనిషి వెలిగిపోతున్నాడు. "ఎన్ని చేశాడో లెక్క పెట్టుకున్నాడు, చూడండి. ముప్పై తొమ్మిది గడులు, పైన ఇంకో రెండు గీతలు. నూట తొంభై ఏడు! ఎవరో కనుక్కోవాలి. ఇంత సన్నగా గీశాడంటే చిల్లులు పొడిచే బరమా మొనతో గీసుంటాడు."

"వాడెవడో నీకంటే నీటుగానే గీశాడు" అంది నాయనమ్మ.

మధ్యాహ్నం భోజనాల దగ్గరా అదే మాట. గురువు దగ్గర తనతోపాటు ఎవరెవరుండేవారో ఒక్కొక్కర్నీ తలుచుకుంటున్నాడు. ఎడమచేతివాటం వాడా, పొగాకు నమిలేవాడా, కోపం వస్తే ఉలి విసిరేవాడా అని. నేను నవ్వుతున్నాను. అక్క కంచంలో చూస్తూ అంది:

"అవి నేను గీసినవి నాన్నా."

నాన్న ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"కంపాస్ ముల్లుతో గీశా."

"ఎందుకే? ఏం లెక్కది?" అంది అమ్మ.

"ఎవరూ మాట్లాడని రోజులు."

అప్పుడు చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. ఆ బడిలో ర్యాంకు ప్రకారం కూర్చోబెడతారు. మొదటి బెంచీ మొదటి చోటు ఫస్టు వచ్చినవాళ్ళది. టీచరు లేనప్పుడు ఎవరు మాట్లాడినా పేర్లు రాసి ఇవ్వడం కూడా ఫస్టు వచ్చినవాళ్ళ పనే. భోజనం బెల్లప్పుడూ అంతే. మొదటి రోజు పొద్దున్నే అక్క పేర్లు రాసిచ్చింది. వాళ్ళని నిలబెట్టారు. ఆ తర్వాత దీంతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే పేరు రాస్తుందని వాళ్ళ భయం.

"టీచర్లు పాఠం అడుగుతారుగా?" అంది అమ్మ.

"చెప్పేదాన్ని. అది లెక్క కాదుగా."

"ర్యాంకు తగ్గించుకుంటే వేరే చోటుకి మార్చేవాళ్ళేమో" అన్నాను నేను. అంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

"అమ్మ ఏమంటుందో అని."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేమే?" అంది అమ్మ. గొంతులో కోపముంది, ఎవరిమీదో తెలియదు.

"మీరు ర్యాంకు అడిగేవారు. చెప్పేదాన్ని."

నాయనమ్మే అంది, "అన్నం చల్లారిపోతోంది, తినండి." తిన్నాం. ఆ రోజు ఏం తిన్నామో నాకు గుర్తులేదు. నాకు ఏడుపొచ్చిందని మాత్రం గుర్తుంది. అక్కకి రాలేదు.

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే నాన్నతో, "ఏ బడిలోనైనా మొదట్లో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది. అంత మంచి సీటు వదులుకుంటామా?" అనడం విన్నాను. నాన్న ఒకటో నంబరు బెంచీని మాత్రం బాగుచెయ్యకుండా షెడ్డు మూలకి జరిపాడు.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మ ఆ మూలకి వెళ్ళి చెక్కపొట్టులో చతికిలబడింది. చేతిలో అక్క ప్రోగ్రెస్ కార్డు, గుడ్డ మీద గీసే సుద్ద. ఒక్కో గడి లెక్కపెడుతూ పక్కన చుక్క పెడుతోంది. కుట్టుపని వాళ్ళు ఒకసారి లెక్కపెట్టి నమ్మరు. రెండోసారి కూడా లెక్కపెట్టి, అక్కని పిలిచింది.

"కార్డులో హాజరు నూట తొంభై ఎనిమిది ఉంది. ఇక్కడ నూట తొంభై ఏడే ఉన్నాయి. ఒకటి తక్కువుందేమే?"

అదేదో తప్పు దొరికిందని, దాంతో మొత్తం లెక్కే కొట్టుకుపోతుందని అమ్మ ఆశపడిందని ఇప్పుడనిపిస్తుంది.

"ఆ రోజు ఆయా మాట్లాడింది" అంది అక్క. "నీ జడ రిబ్బను ఊడిపోయింది చూసుకో అంది."

అమ్మ సుద్దని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

ఆ మర్నాడు యూనిఫారాల మూట ఇవ్వడానికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్ళింది. ప్రిన్సిపాల్ గారి గదిలో నేల అద్దంలా ఉంది, నా చెప్పులు బయట విప్పాలా అక్కర్లేదా తేలక గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు. అక్కని మెచ్చుకున్నాడు. ఇలాంటి పిల్లలు పదిమంది ఉంటే చాలన్నాడు.

"మా పెద్దది మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటుందండీ?" అంది అమ్మ.

ఆయన అక్క ఫైలు తెప్పించాడు. అందులో వెతికాడు. నెలనెలా మార్కులు, హాజరు, ఎత్తు, బరువు అన్నీ ఉన్నాయి. కాగితాలు ఒకసారి ముందు నుంచి వెనక్కి తిప్పి, ఇంకోసారి వెనక నుంచి ముందుకి తిప్పి, "అన్నిట్లో ఒకటేనమ్మా" అన్నాడు సంతోషంగా.

"అవునండీ" అంది అమ్మ.

ఇంటికి వచ్చాక కొక్కేనికి ఉన్న నా గౌను తీసి, వసారా మెట్టు మీద కూర్చుని, బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నాయనమ్మ చూసి కూడా ఏమీ అనలేదు, అది మా ఇంట్లో పెద్ద వింత. విప్పడం అయిపోయాక అమ్మ నాన్నతో అంది:

"ఆ టీచరమ్మకి తప్పు కావాలందిగా. పెట్టివ్వండి."

నాన్న పెట్టాడు. ఉన్న గీతల్లోంచి ఒకటి పూడ్చి, పక్కన కొత్తది చెక్కాలి. మంచి కొలతలు చెక్కడానికి నాలుగు రోజులు పట్టిన మనిషికి తప్పు పెట్టడానికి ఏడు రోజులు పట్టింది. ప్రతి గీత దగ్గరా నిట్టూర్పే. టేపు కొస పట్టుకోవడానికి నన్ను రానివ్వలేదు, ఎక్కడ పెట్టాడో చూడనివ్వలేదు. అద్దాల బడి ఒకటో బెంచీకి కొత్త చెక్క వేసి పంపాడు. పాతది అమ్మ మిషను కింద కాళ్ళు పెట్టుకునే బల్ల అయింది. గడులున్న వైపు కిందకే ఉంది. ఆ తర్వాత అద్దాల బడివాళ్ళు యూనిఫారాల పని ఇంకెవరికో ఇచ్చారు. అమ్మ దిండు గలీబులు కుట్టుకుంది, కుట్టినంతకాలం విసుక్కుంది.

ఆ ఏడాది అక్కనీ నన్నూ రేకుల బడిలో చేర్చారు. అది గొప్ప బడి అని చెప్పను. వాన పడితే పాఠం వినపడేది కాదు. మీసాల సైన్సు సారు మధ్యాహ్నాలు కునుకు తీసేవాడు. టీచర్లు చాలక ఆరూ ఏడూ తరగతులని లెక్కలకి ఒకే గదిలో కూర్చోబెట్టేవారు. అలా మొదటి రోజు అక్కా నేనూ ఒకే గదిలో ఉన్నాం. అది నాకంటే రెండు వరసలు ముందు, మధ్య చోట్లో. అటు ఒకమ్మాయి, ఇటు ఒకమ్మాయి. నేను పాఠం వినలేదు, దాని వీపే చూస్తున్నాను.

సెంటీమీటరమ్మ తలా ఒక సుద్దముక్క ఇచ్చి బల్లల మీద కొలవమంది. కొత్తవాళ్ళం కొలుస్తున్నాం. ఏడో తరగతి వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటూ, ముసిముసిగా నవ్వుకుంటూ సుద్దలన్నీ పదిహేడు దగ్గరికి జరిపారు. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఒకడు సుద్ద తిప్పి పెట్టాడు. ఇంకొకడు పక్కవాడి బల్ల మీద చూశాడు.

"పోయింది టీచర్!" అన్నారెవరో.

"ఏం పోయింది?" అంది ఆవిడ అమాయకంగా.

"పదిహేడు దగ్గరే ఉందిరా, సరిగ్గా చూడండి" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"పదిహేడు దగ్గర లేదు."

అక్క లేచి నిలబడి ఉంది. గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం వాడని గొంతు.

"మా నాన్న అక్కడ సరిచేసేశాడు. ఇప్పుడు ఇరవై మూడు దగ్గర ఉంది. ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు."

"నీకెలా తెలుసు? మీ నాన్న చెప్పాడా?"

"చెప్పలేదు. ఇప్పుడే కొలిచా."

"అబద్ధం! ఏదీ చూపించు."

గదిలో సగం మంది దాని బల్ల మీద పడ్డారు. నాకు అక్క కనపడలేదు. వినపడుతూ మాత్రం ఉంది. "కాదు, ఇటు పెట్టు... అలా కాదు, కొస ఇక్కడ ఆనించు... నువ్వు కొలువు, నన్ను నమ్మకు, నువ్వే కొలువు..." సెంటీమీటరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎవర్నీ కూర్చోమనలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న షెడ్డులో చిత్రిక పడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆపాడు.

"దొరికిందా?"

"మొదటి రోజే" అంది అక్క. "ఇరవై మూడు."

నాన్న మొహంలో సంతోషం, కాస్త నిరాశ. ఏడు రోజుల పని మరి.

అమ్మ మిషను ఆపలేదు. తలెత్తకుండానే, గుడ్డ జరుపుతూ అడిగింది, "మధ్యాహ్నం ఎవరితో తిన్నావే?"

"ఇద్దరితో. మూడో అమ్మాయి చివర్లో వచ్చింది. దాని డబ్బా మూత రాకపోతే అందరం కలిసి లాగాం, ఊడొచ్చి సైన్సు సారు మీద..." అని మొదలుపెట్టి అక్క చెప్పుకుంటూ పోయింది.

"వచ్చిందమ్మా రేడియో" అంది నాయనమ్మ. "ఆ పిల్లల పేర్లేంటే?"

అక్క ఆగి ఆలోచించింది.

"పేర్లు అడగడం మర్చిపోయా" అంది. "రేపు అడుగుతా."